అక్క బడి

పోయిన వారం మా కాలేజీలో చదువుకొని ఇప్పుడు హైదరాబాద్‌లో ఎమ్మే చేస్తున్న తమ్ముడొకడు ఒక వీడియో పంపాడు. నగరంలో ఒక తల్లి, ఇద్దరు పిల్లలు. బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నది. ఇంట్లో టీవీ లేదు. పాత చీరలతో సంచులు కుడుతుంది. బయట తిండి బంద్. నెల ఖర్చు సగానికి తెచ్చానని చెబుతున్నది. ఆమె మీద నాకు కోపమేమీ లేదు. శ్రద్ధగా చేస్తున్నది, పిల్లలు హాయిగా ఉన్నారు.

వీడియో కింద తమ్ముడి ప్రశ్న: "అన్నా, బడుల్లో మన పిల్లలకు జరుగుతున్నది చూస్తూనే ఉన్నం. మనం కూడా ఇట్లా ఇంట్లనే చదివించుకుంటే పోదా?"

ఈ మాట నాకు కొత్త కాదు. నాలుగైదేళ్ల కింద నేనే అన్నాను. అన్నది మా అక్కతో. ఆమె నాకిచ్చిన జవాబు ఈ తమ్ముడికి చెప్పాలంటే ముందు ఆమె నడిపిన బడి గురించి చెప్పాలి. అందుకే ఈ వారం రాయాలనుకున్నది పక్కనబెట్టి ఇది రాస్తున్నాను.

*

మా అక్కను త్రిపురారం ఇచ్చాం. నల్లగొండ జిల్లాలో సాగర్ ఎడమ కాలువ కింది మండలం అది. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ నీళ్లతో చెలకలు మాగాణి అయ్యాయి. మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లులు లేచాయి. కంపాసాగర్‌లో వరి మీద పరిశోధనలు జరుగుతాయి. ఇన్ని జరిగినా మా వాడలకు భూమి రాలేదు. నీళ్లు పారిన మడిలో నాటేసే పని వచ్చింది, ఆ మడిలో పండిన వడ్లను మిల్లులో మోసే పని వచ్చింది. అక్క నాట్లకు పోతుంది. బావ మిర్యాలగూడలో ఒక మిల్లులో హమాలీ. ముగ్గురు పిల్లలు. 2020 నాటికి పెద్దది గురుకులంలో ఎనిమిది, నడిపోడు ప్రైవేటు బడిలో మూడు. చిన్నోడిని ఆ జూన్‌లో ఒకటో తరగతిలో వేయాలి.

అక్క నాకంటే నాలుగేళ్లు పెద్ద. పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసైంది. ఇంటర్‌లో చేరి ఆరు నెలలు పోయింది. ఆ చలికాలంలో మా నాయిన మంచాన పడ్డాడు. ఇద్దరిలో ఒకరే చదవగలరు అనుకున్నప్పుడు ఆ ఒక్కరు ఎవరో ఇంట్లో ఎవరూ చర్చించలేదు. చర్చ అవసరం లేకపోయింది, నేను మగపిల్లాణ్ణి. అక్క నాట్లకు పోయింది. నా హాస్టల్ సబ్బుకు, బస్సు కిరాయికి ఆమె కూలి నుంచే పైసలు వచ్చాయి. మీటింగుల్లో దీన్ని "మా అక్క త్యాగం" అని చాలాసార్లు చెప్పాను, చప్పట్లు కూడా కొట్టారు. కానీ త్యాగం అనాలంటే ముందు ఆమెను అడగాలి కదా. ఎవరూ అడగలేదు. కాబట్టి అది ఆమె ఇచ్చింది కాదు, మేం తీసుకున్నది.

*

2020 మార్చి నడుమ బడులు మూసేశారు. గురుకులం నుంచి పెద్దది ఇనుప పెట్టెతో ఇంటికి వచ్చింది. వారానికి లాక్‌డౌన్. బావకు పని ఆగిపోయింది. ఏప్రిల్‌లో ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, తెల్లకార్డుకు 1,500 రూపాయలు ఇచ్చింది. ఐదుగురికి 60 కిలోల బియ్యం. బువ్వకు కొదువ లేదు. మిగతా అన్నిటికీ ఆ 1,500.

పొదుపు గురించి రాసేవాళ్లు "అవసరమా, కోరికా ఆలోచించి కొనండి" అంటారు. అక్కకు ఆలోచించే పని లేదు. నూనె, ఉప్పు, కారం, సబ్బు, చిన్నోడి దగ్గు మందు. కందిపప్పు వారానికి రెండుసార్లు, అది కూడా చారులాగే. పెరట్లో తోటకూర. చింతపండు పోయిన ఏడాదిది. తర్వాత ఉపాధి హామీ పని మొదలైంది. ఆ ఏడాది మన రాష్ట్రంలో రోజుకు 237 రూపాయలని రేటు. కొలతల్లో అంత పడేది కాదు.

అప్పుడొక రోజు ఫోన్ చేసింది.

"తమ్మీ, అటక మీది నీ కాయితాలు పనికొస్తయా?"

నగరంలో రూము ఖాళీ చేసినప్పుడు నా పీహెచ్‌డీ చిత్తు ప్రతులు రెండు గోనెసంచుల్లో కట్టి అక్క ఇంట్లో పడేశాను. గైడ్ దిద్దినవి, నేను కొట్టేసినవి, మళ్లీ ప్రింటు తీసినవి.

"పనికిరావక్కా, పారెయ్."

"పారేసుడెందుకు? ఎనక దిక్కు తెల్లగనే ఉన్నయి."

బడి అట్లా మొదలైంది. కాగితాలను పెద్దది దారంతో కుట్టి ముప్పై పుస్తకాలు చేసింది. ఖాళీ అయిన గోనెసంచులను కుట్లు విప్పి, దులిపి, వెనక గోడ నీడలో పరిచారు. పక్కింటి పెయింటర్ డబ్బా అడుగున మిగిలిన నల్లరంగు ఇస్తే గోడ మీద బోర్డు తయారైంది. ముగ్గురు పిల్లలతో మొదలైంది. వానలు పడే నాటికి వాడ పిల్లలు కలిసి పదకొండు మంది అయ్యారు.

అక్క దినచర్య చెబుతాను. నాలుగున్నరకు లేచి వాకిలి ఊడ్చి, నీళ్లు పట్టి, అన్నం వండి, ఏదో ఒక పచ్చడి నూరుతుంది. ఆరు నుంచి ఏడు దాకా చిన్నోడికి అక్షరాలు, నడిపోడికి ఎక్కాలు. పొయ్యి దగ్గరే ఆ చదువు. ఏడింటికి సద్ది కట్టుకొని పనికి. పగలు బడి పెద్దదానిది. సాయంత్రం వచ్చి స్నానం చేసి, వండి, పిల్లలకు పెట్టి, ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా అక్క వంతు. పగలు పెద్దది ఏం చెప్పిందో పిల్లలు అక్కకు తిరిగి చెప్పాలి. ఆమె పాఠం చెప్పే పద్ధతి అదే. తనకు రానిది వస్తే "ఇది నాకు రాదు, రేపు మామనడుగుదాం" అని బోర్డు మీద ఒక మూల రాసిపెట్టేది. ఆ మూల ఎప్పుడూ ఖాళీగా లేదు. లెక్చరర్‌గా ఇన్నేళ్లయినా క్లాసులో "ఇది నాకు రాదు" అని నేను అన్న సందర్భాలు వేళ్ల మీద లెక్కబెట్టొచ్చు.

సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా. ఒకటో తరగతి వాడికి ఏ చానల్లోనూ ఏమీ లేదు. అక్క ఇంట్లో టీవీ లేదు, మూడిళ్ల అవతల ఉంది. ఫోన్ ఒక్కటే, అది బావతో మిల్లుకు పోతుంది. నేను నా పాత ఫోన్ పంపాను. అప్పట్లో 199 రూపాయల రీచార్జి 28 రోజులు వచ్చేది. అంటే మంచి రేటు పడిన రోజు కూడా ఉపాధి కూలిలో చాలా భాగం దానికే. ఆ డేటాను కూడా అక్క నూనె కొలిచినట్టే కొలిచేది. గురుకులం మేడమ్ పంపే పాఠాలకు మొదటి వాటా. పాటలు, సినిమాలు బంద్. ఫోన్ కావాలంటే ఏ పాఠానికో ముందు బోర్డు మీద రాయాలి.

చిన్నోడు అక్షరాలు నేర్చుకున్నది యూరియా బస్తా మీద, రేషన్ కార్డు మీద, ఆటో వెనకాల. ఒకరోజు పక్కింటి టీవీలో "గేదె" అని విని వచ్చి అడిగాడట, అదేం జంతువని. మన బర్రెనే అంది పెద్దది. వాడు ఒప్పుకోలేదు, "బర్రె బర్రెనే" అని కొట్లాట. అక్క తీర్పు చెప్పింది: "రెండు రాయి బిడ్డా. పరీక్షల గేదె, ఇంట్ల బర్రె. రెండింటికి పాలు ఒక్కతీరుగనే ఉంటయి." తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ తెచ్చుకున్న నేను మాండలికం, ప్రామాణికం మీద యాభై పేజీలు రాశాను. ఆ యాభై పేజీల వెనకాలే వాడు గేదె, బర్రె రెండూ రాసి ఉంటాడు.

*

ఈ బడిలో జరిగిన రెండు సంగతులు చెప్పాలి.

మొదటిది చాప సంగతి. వాడ అంచున ఒక బీసీ కుటుంబం ఉంటుంది. వాళ్ల పిల్లవాడు నడిపోడి ఈడువాడు. వాళ్ల అమ్మ వచ్చి మావోణ్ణి కూడా పంపుతానని అడిగింది, అక్క పంపమంది. మర్నాడు వాడు చంకలో చుట్టిన చాపతో వచ్చాడు. గోనె పక్కన జానెడు జాగా విడిచి చాప పరుచుకొని కూర్చున్నాడు. పిల్లవాడికేం తెలుసు, తల్లి చెప్పి పంపింది. పెద్దదానికి అర్థమైంది, ముఖం ఎర్రబడింది. అక్క అప్పుడే పని నుంచి వచ్చింది. చూసి, "చాప తెచ్చినవా బిడ్డా, మంచి పని జేసినవ్. గోనె గుచ్చుకుంటున్నదని వీళ్లు నిన్నటి సంది ఒకటే మొత్తుకుంటుండ్రు. జరుగుర్రి, అందరు చాప మీద కూసోర్రి" అంది. పదకొండు మంది ఆ చాప మీద పడ్డారు. వాడు కూడా నవ్వుతూ జరిగాడు.

అంబేడ్కర్ తన చిన్ననాటి బడి గురించి 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాశాడు. మిగతా పిల్లలతో కలిసి కూర్చోనివ్వలేదు, ఒక మూలన విడిగా గోనెపట్టా మీద కూర్చునేవాడు. బడి ఊడ్చే నౌకరు ఆ పట్టాను ముట్టుకోడు. అందుకని సాయంత్రం ఇంటికి మోసుకుపోయి, పొద్దున మళ్లీ తెచ్చుకోవాలి. ఈ భాగం నేను ఏటా పిల్లలకు చెబుతాను. అక్క చదవలేదు. కానీ గోనె ఎక్కడ పరుస్తారు, చాప ఎందుకు తెస్తారు అన్నది ఆమె చదువుకోవాల్సిన సంగతి కాదు. ఆ పిల్లవాడు రోజూ వచ్చాడు. చాప మా అక్క ఇంట్లోనే ఉండిపోయింది.

రెండోది లెక్క సంగతి. 2021 జనవరి, యాసంగి నాట్లు. అక్క ముఠాలో పద్నాలుగు మంది ఆడవాళ్లు. నాటు గుత్తకు పట్టారు, ఎకరానికి 4,200. ఆ రోజు వేసిన మడి రెండెకరాలని రైతు చెప్పాడు. 8,400 వచ్చాయి, తలా 600. రాత్రి బడిలో అక్క దాన్నే భాగహారంగా ఇచ్చింది. నడిపోడు చేశాడు, సరిపోయింది. అప్పుడు అక్కకు ఒడ్డు మీద రైతు ఇంకొకరితో అన్న మాట యాదికొచ్చింది: "గీ చెక్కకు రైతుబంధు పదకొండు వేల రెండొందల యాభై పడ్డది." మామూలుగానే చెప్పింది. పెద్దది ఆగి, "ఎకరానికి ఐదు వేలు గదా అమ్మా" అంది. ఇద్దరు పిల్లలు మళ్లీ కూర్చున్నారు. 11,250ని 5,000తో భాగిస్తే రెండుం పావు. అంటే రెండెకరాల పది గుంటలు. 4,200 లెక్కన 9,450 రావాలి. తక్కువ వచ్చింది 1,050. తలా 75 రూపాయలు.

ఆ లెక్క ఏ కాగితం వెనకాల చేశారో నేను తర్వాత చూశాను. ముందు వైపు నా మూడో అధ్యాయం. తెలంగాణ దళిత స్త్రీల కథల మీద నా పరిశోధన. గోగు శ్యామల 2003లో తెచ్చిన 'నల్లపొద్దు' సంకలనమే నాకు దారి చూపింది. ఆ పేజీలో నేను "శ్రమ విలువ నిర్ణయంలో దళిత స్త్రీకి స్వరం లేకపోవడం" అని ఒక పేరా రాసుకున్నాను. గైడ్ పక్కన టిక్కు పెట్టారు. వెనక్కి తిప్పితే నడిపోడి వంకర అంకెల్లో 75, దాని చుట్టూ రెండు గీతలు. పరిశోధన చేసిన ఐదేళ్లలో, నాటేసే మా అక్కను ఒక్కసారి కూడా కూర్చోబెట్టి అడగలేదు, మీ కూలి ఎట్లా లెక్క కడతారని.

తెల్లారి పద్నాలుగు మంది పోయి అడిగారు. రైతు మొదట కసిరాడు, తర్వాత నవ్వాడు, రెండు రోజులకు 1,050 పంపాడు. ఆ తర్వాత మడికి వీళ్లను పిలవలేదు, వేరే ముఠాను పెట్టుకున్నాడు. మళ్లీ కూలీలు దొరకనప్పుడు వీళ్లనే పిలిచాడు, ఈసారి గుంటలతో సహా చెప్పి. గెలిచామా ఓడామా అంటే అక్క "నాలుగు రోజుల పని పోయింది, కొలత నిలబడ్డది" అంటుంది. లెక్క ఆమెదే కాబట్టి ఆ మాటే ఉంచుతున్నాను.

*

అక్క బడిని బంగారంలా చూపించడం నాకు ఇష్టం లేదు. చిన్నోడికి ఇంగ్లిష్ అక్షరాలు తప్ప ఏం రాలేదు, మూడో తరగతికి వచ్చాక కూడా కూడబలుక్కొని చదివాడు. అక్క ఆ ఏడాదిన్నరలో రాత్రి ఐదారు గంటలకు మించి పడుకోలేదు, నడుము నొప్పి అప్పుడు పట్టుకున్నదే. గోనె మీద కూర్చున్న పదకొండు మందిలో ఇద్దరు మళ్లీ బడి మెట్లు ఎక్కలేదు. ఒకడు మిల్లులో సంచులు కుట్టే పనికి పోయాడు. ఒక పిల్లకు పెళ్లి చేశారు.

పెద్దదానికి కూడా సంబంధం వచ్చింది. బావ మేనత్త తెచ్చింది. పిల్లగాడు జేసీబీ నడుపుతాడు, కట్నం అడగడు, ఇంట్లో ఊకె కూర్చున్న పిల్ల కదా అని. పిల్లకు పద్నాలుగు. బావ మెత్తబడ్డాడు. తప్పుపట్టడం సులువే, కానీ ఆ నెల ఆయన చేతిలో రూపాయి లేదు. అక్క కొట్లాడలేదు. గోడ పక్కనున్న ఇనుప పెట్టె చూపించి, "దాని పెట్టె ఇంక ఇప్పనే లేదు. బడోళ్లు పిలిస్తే పోయే పిల్ల. దానికి పెండ్లేంది?" అంది. నిజంగానే ఆ పెట్టెను అక్క విప్పనివ్వలేదు. రెండు జతల బట్టలు బయట పెట్టి, మిగతావి మడతల్లోనే ఉంచింది. ఇంకో పని కూడా చేసింది. వాడ తల్లులందరితో మా పెద్దదాన్ని "టీచరమ్మ" అని పిలిపించింది. తమ పిల్లలకు చదువు చెబుతున్న పిల్లను పెళ్లి చేసి పంపమని ఏ తల్లీ అనదు. ఆ సంబంధం మాట మళ్లీ రాలేదు.

2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులు తెరిచారు. పెద్దది పెట్టెతో పోయింది. మార్చి 24న మళ్లీ మూత. అదే పెట్టెతో తిరిగి వచ్చింది. అక్క మళ్లీ విప్పనివ్వలేదు.

*

ఇప్పుడు నా తప్పు.

2021 ఆగస్టు చివర. సెప్టెంబర్ 1 నుంచి బడులు తెరుస్తామని ప్రకటన వచ్చింది. ఆ రోజుల్లో నేను అమెరికా నల్లజాతి కుటుంబాల గురించి చదువుతున్నాను. అక్కడి సెన్సస్ బ్యూరో లెక్క ప్రకారం, బడి ఈడు పిల్లలున్న నల్లజాతి కుటుంబాల్లో ఇంట్లో చదివించేవాళ్లు 2020 వసంతంలో 3.3 శాతం. ఆ ఏడాది చివరి నెలలకు 16.1 శాతం. కారణం కరోనా ఒక్కటే కాదు. బడిలో తమ పిల్లలనే ఎక్కువగా శిక్షిస్తారు, తమ చరిత్ర చెప్పరు, తక్కువగా చూస్తారు, ఇవన్నీ చాలామంది తల్లులు చెప్పారు. వర్జీనియాలో నల్లవాళ్లకు చదువు చెప్పే కూటాలను నిషేధిస్తూ 1831లో చట్టం చేసిన దేశం అది. ఆ జాతి ఇప్పుడు "మీ బడి మాకొద్దు" అంటున్నదంటే నాకు ఒళ్లు పులకరించింది.

ఇక్కడ మా నడిపోడికి జరిగింది గుర్తుంది. లాక్‌డౌన్‌కు ముందు ఆ ప్రైవేటు బడిలో ఫీజు బాకీ ఉందని పరీక్ష రోజు వరండాలో నిలబెట్టారు. లోపల పిల్లలు రాస్తుంటే వీడు కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు. వారం రోజులు అన్నం సరిగా తినలేదు.

అక్కకు ఫోన్ చేసి చెప్పాను: "వీణ్ణి బడికి పంపకక్కా. నువ్వే మంచిగ చెప్తున్నవ్. పద్నాలుగు నిండినంక ఓపెన్ స్కూల్ల పదో తరగతి రాయొచ్చు. విద్యాహక్కు చట్టంల ఇంట్ల చదివించుకునే తల్లిదండ్రులకు శిక్ష వేసే సెక్షన్ కూడ లేదు." చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిందని కూడా చెప్పినట్టున్నాను. క్లాసు చెప్పే అలవాటు.

అక్క అంతా విన్నది. తర్వాత అన్న మాటలు నాకు గుర్తున్నంతలో రాస్తున్నాను.

"బడి మూసిండ్రు గాబట్టి ఇంట్ల జెప్పిన తమ్మీ. ఇల్లు మంచిదని జెప్పలె. నువ్వన్నట్టు పగలంత ఇంట్ల కూసోని జెప్తే నా కూలి ఎవలిస్తరు? నువ్విస్తవా? సరే, నువ్విచ్చినవనుకో. బడిల పగటీలి అన్నం పెడ్తరు, గుడ్డు పెడ్తరు. అది నువ్విస్తవా? అది గూడ ఇచ్చినవనుకో. గా చాప తెచ్చిన పిలగాడు లేడా? వాడు మావోని పక్కన కూసునుడు నేర్సుకునేది బడిలనే. మనింటికి ఎంతమందొస్తరు చాపలు తీస్కొని?"

నేను ఏదో అనబోయాను. ఆమె ఆపలేదు.

"వరండాల నిలబెట్టిండ్రు అంటున్నవ్. అవు, నిలబెట్టిండ్రు. నిలబెట్టినోళ్లను అడగాలె. మన పోరణ్ణి మనమే ఇంటికి తెచ్చుకుంటే వాళ్లకు ఇంక సుకమాయె. నిలబెట్టే పని గూడ తప్పె."

కొంచెం ఆగి, గొంతు తగ్గించి అన్నది:

"నన్ను ఇంట్లనే ఉంచిండ్రు గదా తమ్మీ. ఇల్లంటే ఏందో నాకు తెల్వదా? ఇయ్యాల పోరన్ని ఇంట్ల ఉంచి సదివిద్దామంటవ్. రేపు పెద్దదాన్ని గూడ ఇంట్లనే సదువుకొమ్మంటరు. ఆడపిల్లను ఇంట్ల ఉండి సదువుకొమ్మంటే ఇగ అది ఇంట్లనే ఉంటది."

నేను ఫోన్ పట్టుకొని అట్లాగే కూర్చున్నాను. ఇరవై ఏళ్లలో ఆ ఇంటర్ చదువు మాట ఆమె ఎత్తడం అదే మొదటిసారి. ఎత్తింది కూడా నన్ను అనడానికి కాదు, పిల్లల కోసం.

*

అమెరికా నల్లతల్లుల నిర్ణయం తప్పని నేను అనడం లేదు. వాళ్ల పోరాటం వాళ్లది, వాళ్ల లెక్క వాళ్లది. కానీ మన చరిత్రలో మన పెద్దలు ఏం చేశారో చూడండి. సావిత్రిబాయి ఫూలే అక్షరాలు నేర్చుకున్నది ఇంట్లో, భర్త దగ్గర. కానీ ఆ చదువు ఇంట్లో ఆగలేదు. 1848లో పుణెలో ఆడపిల్లల బడి అయింది. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో బడులు పెట్టించాడు. వాడ పిల్లలు వాడలోనే ఏదో నేర్చుకుంటారులే అని ఊరుకోలేదు. వేల ఏళ్లు మనకు "ఇంటి చదువు" మాత్రమే దొరికింది. చెప్పులు కుట్టడం, డప్పు కట్టడం, నాటేయడం తల్లిదండ్రుల దగ్గరే నేర్చుకున్నాం. గొప్ప విద్యలే. కానీ ఆ చదువుకు సర్టిఫికెట్ లేదు, జీతం లేదు, గౌరవం లేదు. బడి మనకు ఎవరో పెట్టిన భిక్ష కాదు, పోరాడి తెరిపించుకున్న తలుపు. లోపల అవమానం ఉంటే లోపలే కొట్లాడాలి.

వీడియోలోని ఆ తల్లికి పిల్లల్ని ఇంట్లో ఉంచడం ఒక ఎంపిక. రేపు వద్దనుకుంటే ఏ బడి తలుపైనా ఆమెకు తెరుచుకుంటుంది. మా అక్క పెట్టిన బడి, పిల్లల చేతిలోంచి బడి జారిపోకుండా పట్టుకోవడానికి పెట్టింది. పని అయిపోగానే తనే మూసేసింది. 2021 సెప్టెంబర్ 1 పొద్దున నడిపోణ్ణీ చిన్నోణ్ణీ తలకు నూనె పెట్టి సర్కారు బడికి తోలింది. నడిపోడికి ఆ ఏడాదే గురుకులంలో ఐదో తరగతి సీటు వచ్చింది. గురుకులాలు తెరవగానే ఇంట్లోంచి రెండు ఇనుప పెట్టెలు కదిలాయి.

పెద్దది ఇప్పుడు డిగ్రీ రెండో ఏడు. సెలవుల్లో వచ్చినప్పుడు వాడ పిల్లలు ఇంకా టీచరమ్మ అనే పిలుస్తారు. చిన్నోడు ఊరి బడిలోనే చదువుతున్నాడు. ఇంగ్లిష్‌లో వెనకబడ్డది ఇంకా పూర్తిగా పూడలేదు. గోడ మీది నల్లబోర్డు అట్లాగే ఉంది. అక్క దాని మీద ఇప్పుడు పాల లెక్క, కూలి లెక్క రాస్తున్నది.

ఓపెన్ స్కూల్ గురించి నేను చెప్పింది అక్క వృథా పోనివ్వలేదు. "అది పిల్లలకు గాదు తమ్మీ, నాసొంటోళ్లకు. బడి దాటిపోయినోళ్లకు" అని, తనే ఓపెన్ ఇంటర్‌కు ఫీజు కట్టింది. తెలుగు మంచి మార్కులతో పాసైంది. మిగతావి ఒక్కొక్కటే గట్టెక్కాయి. ఇంగ్లిష్ పేపర్ మాత్రం రెండుసార్లు పోయింది. "నువ్వు రెండు ఆదివారాలొచ్చి గ్రామర్ జెప్పు సాలు" అని పోయిన ఏడాది నుంచి అడుగుతున్నది. సెమినార్లున్నాయి, మూల్యాంకనం ఉంది, మీటింగులున్నాయి అని వాయిదా వేస్తూ వచ్చాను. దళిత స్త్రీల విద్య మీద ఈ ఏడాదిలోనే మూడు చోట్ల మాట్లాడాను.

తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు మా అక్క చెప్పింది, నేను రాసిపెట్టాను అంతే. ఇంట్లో చెప్పాలి, తప్పక చెప్పాలి. సెలవుల్లో మీ వాడకు పోయినప్పుడు ఒక గోనె పరిచి పది మందిని కూర్చోబెట్టు. కానీ వాళ్లను బడికి తోలడానికి చెప్పు, బడి నుంచి తప్పించడానికి కాదు. ఎవణ్ణైనా వరండాలో నిలబెడితే మనందరం పోయి అడుగుదాం.

ఈ ఆదివారం నేను త్రిపురారం పోతున్నాను. గ్రామర్ పుస్తకం కొన్నాను. అందుకే వచ్చే వారం వ్యాసం ఆలస్యమైతే ఏమనుకోకండి.

జై భీమ్.